జెట్టంటే విమానం కాదు

బుగ్గల సాబ్ పోయారన్న కబురు నాకు మందమర్రిలో అందింది. పొద్దుటి షిఫ్టు ముగించుకుని బొగ్గుబాయి నుంచి అప్పుడే పైకి వచ్చాను. మొహం ఇంకా కడుక్కోలేదు. మా ఊరివాడొకడు లారీ మీద క్లీనర్‌గా తిరుగుతుంటాడు, చాయ్ హోటల్ ముందు నా కోసం నిలబడి ఉన్నాడు.

"అన్నా, మీ బుగ్గల సాబ్ నిన్న పొద్దుగాల పోయిండు. మట్టి గూడ అయింది. నీకు చెప్పుమని మీ బాపు అన్నడు."

నేను తలమీది టోపీ తీశాను. వాడు ఇంకా గట్టిగా "ఇనబడ్డదా?" అని అరిచాడు. మా ఊళ్లో నాతో అందరూ అలా అరిచే మాట్లాడతారు. దానికో కారణం ఉంది. ఆ కారణం కూడా సాబే. చెబుతాను.

అప్పటికి నా రేకుపెట్టెలో ఒక అచ్చు కాగితం ఉంది. కరీంనగర్ ప్రెస్సు నుంచి మూడు రోజుల కిందట వచ్చిన ప్రూఫు. ఎలక్షన్ల పోస్టర్ల పని పడి ప్రెస్సువాడు నెలల తరబడి దాన్ని మూలకు పెట్టాడు. అది ఒక తప్పుకు దిద్దుబాటు. తప్పు నాది. నష్టం సాబ్‌ది. ఆ కాగితాన్ని ఆయన చేతిలో పెట్టాలని ఏడాదిన్నరగా అనుకుంటున్నాను. ఆదివారం సెలవు తీసుకుని పోదామనుకున్నాను. ఆయన గురువారమే పోయారు.

చదివే మీలో చాలామందికి ఆయన తెలియరు. గోదావరికి ఇవతల, మా చిన్న పట్నం చివరన, గుట్ట పక్కగా ఒక సర్కారు మిద్దె ఉంది. వాతావరణం ఆఫీసు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ మిద్దె మీది నుంచి పెద్ద రబ్బరు బుగ్గ ఒకటి ఆకాశంలోకి లేస్తుంది. దాన్ని వదిలే మనిషి కాబట్టి ఆయన మా ఊరందరికీ బుగ్గల సాబ్. నైజాం రోజుల్లో హైదరాబాదులో ఆ పని నేర్చుకుని వచ్చారట. "నిజాం సర్కార్ పోయింది, హైదరాబాద్ స్టేట్ పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది. మీదిగాలి మాత్రం పడమటి నుంచే వస్తున్నది బేటా" అని నవ్వేవారు.

బుగ్గను వదిలే ముందు ఆయన నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశాన్ని తేరిపార చూసేవారు. నిర్మలంగా ఉంటే తెల్ల బుగ్గ, మబ్బులు విడివిడిగా ఉంటే ఎర్రది, కమ్ముకుని ఉంటే నల్లది. దూరం పోయినా కంటికి ఆనాలి కదా. గ్యాసు నింపాక మూతి దగ్గర తన చెంప ఆనించి, ఎక్కడైనా సన్నగా గాలి పోతోందేమోనని చూసేవారు. కింద, పక్కనే ఉన్న కిరాయి ఇంటి వాకిట్లోంచి వాళ్లావిడ, మేమంతా చాచి అని పిలిచే ఆమె, "ఇంట్ల మనిషి కన్నా గా బుగ్గనే ఎక్కువాయె" అని ఎకసెక్కం ఆడేది. సాబ్ వినపడనట్టు ఇంకో చెంప ఆనించేవారు.

బుగ్గ లేచాక నిమిషానికోసారి గంట మోగేది. గంట మోగినప్పుడల్లా ఆయన దుర్బీన్‌లోంచి కన్ను తీయకుండానే రెండు అంకెలు చెప్పేవారు, ఎంత ఎత్తున ఉంది, ఏ దిక్కున ఉంది అని. అటెండర్ రాసుకునేవాడు. ఆ అంకెల్లోంచే ఏ ఎత్తున గాలి ఎటు, ఎంత జోరుగా వీస్తోందో లెక్క కట్టి తంతి కొట్టేవారు.

నేను మొదటిసారి ఆ మిద్దె ఎక్కింది పోట్లాటకే. నాకు ఇరవై ఏళ్లు. బడి మధ్యలో ఆగిపోయింది, చదువంతా కరపత్రాల్లోనూ చిన్న పుస్తకాల్లోనూ సాగింది. సర్కారు మిద్దె ఏది కనబడినా నా రక్తం ఉడికేది.

"వాన ఎప్పుడొస్తదో చెప్పరాదు గని, దినాం రెండు బుగ్గలు ఇడుస్తరా? పేదోని సొమ్ము గాలికి ఇడిసిపెట్టుడంటే గిదేనా?" అని మెట్ల మీది నుంచే అరిచాను.

ఆయన దుర్బీన్‌లోంచి కన్ను తీయలేదు. "జర ఆగు లీడర్ సాబ్. పదకొండో నిమిషం."

ఆగాను. పన్నెండు, పదమూడు, ఇరవై, ముప్పై. నలభయ్యో నిమిషానికి నా కోపం ఎటు పోయిందో నాకే తెలియదు. అప్పుడు ఆయన జరిగి నన్ను దుర్బీన్ దగ్గరకు పిలిచారు. లోపల ఆవగింజంత తెల్లచుక్క. మా ఊరి మీద కాదు, ఎక్కడో తూర్పున, గోదావరి మీద.

"నేనొక్క బుగ్గతోని వాన చెప్పలేను బేటా. గిప్పుడే, గిదే టైముకు, వందల ఊర్లల్ల నా అసొంటోళ్లు బుగ్గలు ఇడుస్తున్నరు. అందరి అంకెలు కల్పితే ఆసమాన్ నక్ష పడుతది, ఆకాశం పటమన్నట్టు. గా నక్ష చూసినోడు రేపటి సంగతి చెప్తడు."

"అందరంటే, మన దేశపోళ్లా?"

"అన్ని దేశాలోళ్లు. కొట్లాడుకునేటోళ్లు గూడ. గాలి అంకెలు మాత్రం ఎవ్వడు దాచుకోడు."

ఆ మాట నన్ను పట్టేసింది. నేను చదివిన ఏ కరపత్రంలోనూ అలాంటి మాట లేదు. ఆ రోజు నుంచి తీరిక దొరికినప్పుడల్లా ఆ మిద్దె ఎక్కేవాణ్ణి. నా కరపత్రాలు ఆయనకు ఇచ్చేవాణ్ణి. ఆయన చదువు ఉర్దూలో సాగింది, తెలుగును కూడబలుక్కుని చదివేవారు. అయినా మర్నాటికి అచ్చుతప్పుల కింద ఎర్ర పెన్సిల్ గీతలతో తిరిగి ఇచ్చేవారు.

ఇక నా తప్పు. ఆ ఏడు మృగశిర దాటినా చినుకు లేదు. ఒక సాయంత్రం నేను మెట్లెక్కుతుంటే పైన సాబ్ మా బడి పెద్దసారుతో అంటున్నారు: "జెట్ ఇంక హిమాలయాలకు ఇవతల్నే ఉన్నదట. అది ఆవలికి జరిగితెగాని మన వాన లోపలికి రాదు."

నేను పైకి పోలేదు. వెనక్కి తిరిగాను. నాకు తెలిసిన జెట్టు ఒక్కటే, పత్రికల్లో చూసిన యుద్ధవిమానం. ఎవడివో జెట్ విమానాలు హిమాలయాల మీద తిష్ఠ వేసి మన వానను ఆపుతున్నాయి, సర్కారు నోరు మూసుకుని కూర్చుంది! ఒక్క ఊపున రాసేశాను. "వానను ఆపుతున్న జెట్ విమానాలు!" అని పెద్ద అక్షరాల మకుటం. "వాటిని వెళ్లగొట్టేదాకా మన పొలాల్లో చుక్క పడదు. ఇది సాక్షాత్తూ మన బుగ్గల సాబ్ చెప్పిన మాట" అని చివర. పసుపుపచ్చ కాగితం మీద కొట్టించి అంగడి రోజు ఊరంతా పంచాను. జనం ఆకాశం వైపు చూస్తూ బేరాలు చేశారు.

సాయంత్రం గర్వంగా మిద్దె ఎక్కాను. ఆయన కరపత్రం మొత్తం చదివి, అలవాటుగా ఎర్ర పెన్సిల్‌తో రెండు ఒత్తులు దిద్దారు.

"హెడ్డింగు మంచిగున్నది బేటా. సంగతే గలత్."

నన్ను కిందికి తీసుకుపోయి వాకిట్లో నల్లా తిప్పారు. నీళ్లు ధారగా పడుతున్నాయి. బొటనవేలు అడ్డం పెట్టారు. నీళ్లు ఎగిరి నా మొహాన, చొక్కా మీద, చేతిలోని కరపత్రాల మీద కొట్టాయి.

"గిది జెట్టు. విమానం కాదు. జోరుగ చిమ్మే ధార."

తడిసిన చొక్కాతో అరుగు మీద కూర్చుని విన్నాను. ఆరేడు మైళ్ల ఎత్తున, పడమటి నుంచి తూర్పుకు, భూమిని చుట్టి ఉరికే గాలి అది. చల్లగాలీ వేడిగాలీ ఎదురుపడిన చోట పుడుతుంది. ఒకటి ధ్రువం వైపు మంచుదేశాల మీద, ఇంకొకటి మనకు దగ్గరగా హిమాలయాల అంచున. వానకాలం ముందు మనకు దగ్గరిది కొండల ఆవలికి జరగాలి, అప్పుడు మన వాన లోపలికి వస్తుంది. చలికాలం చివర్లో ధ్రువం వైపుది పెద్ద వంపు తిరిగి దక్షిణానికి వాలిందంటే, దాని దెబ్బకు మన దగ్గర ఫాల్గుణంలో రాళ్లవాన పడవచ్చు. ఆ వంపు పడమటి నుంచి తూర్పుకు జరుగుతూ వస్తుంది. ఇవాళ ఎక్కడుందో తెలిస్తే రేపు ఎక్కడికి వస్తుందో చెప్పవచ్చు. ఇంత పనీ బుగ్గల వల్లే.

"పెద్ద యుద్ధంల విమానాలు పడమటికి పోవుకుంట దీనికి ఎదురువడ్డయట. ఇంజన్ నడుస్తనే ఉన్నది, కింద ఊరు కదుల్తలేదు! గప్పుడు తెలిసింది దునియాకు. విమానం గాలిని ఆపలే బేటా. గాలే విమానాన్ని ఆపింది. నువ్వు ఉల్టా రాసినవ్."

నాకు తల కొట్టేసినట్టయింది. "మరి తెలుగుల ఏమంటరు సాబ్ దీన్ని?" అని అడిగాను.

"అదే లేదు. ఉన్నా నాకు తెల్వదు. మాట లేకనే కదా నువ్వు విమానం ఎక్కినవ్. జనానికి సమజయ్యే మాట ఒకటి ఎతుకు. తప్పు అచ్చయింది కదా, ఒప్పు గూడ అచ్చు కావాలె. మాట దొరికిననాడు తెచ్చి నా చేతుల పెట్టు."

వారం తిరక్కుండా పై ఆఫీసు నుంచి ఒక అధికారి కరపత్రం పట్టుకుని దిగాడు. ఇలా ఎవడు రాశాడు, ఎందుకు చెప్పావు అని సాబ్‌ను నిలబెట్టి అడిగాడు. సాబ్ జవాబు అటెండర్ నోట ఊరంతా పాకింది: "ఆ పోరనికి జర చెవుడు సార్. ఒకటి చెప్తే ఇంకోటి ఇనవడ్తది."

అలా నా మీద కేసు లేకుండా పోయింది. నాకు 'చెవిటి లీడర్' అన్న పేరు మిగిలింది. ఆ రోజు నుంచి మా ఊరు నాతో అరిచి మాట్లాడుతుంది. నేను ఉక్రోషంతో సాబ్ దగ్గరికి పోతే ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు: "నాలుగు దినాలు నటించు బేటా. ఆఫీసర్ మళ్లొస్తడేమో."

నవ్వు అక్కడితో అయిపోయింది. అధికారి పోతూ పోతూ ఒక హుకుం రాసి పెట్టి పోయాడు. వాతావరణం గురించి బయటివాళ్లతో ఒక్క మాట మాట్లాడరాదు, మాట్లాడితే కొలువు ఉండదు.

అంతకుముందు అంగడికి పోయే రైతులు ఆ మిద్దె కింద బండి ఆపి "సాబ్, పసుపు ఆరబొయ్యాల్నా?" అని కేక వేసేవాళ్లు. ఆయన పైనుంచి "పొయ్యుండ్రి" అనో "రెండు దినాలు ఆగుండ్రి" అనో అనేవారు. పసుపు పండే ఊళ్లవాళ్లకు ఆ మాట విలువ తెలుసు. ఉడికించిన కొమ్ములు పదిహేను రోజులు కళ్లంలో ఎండాలి. మధ్యలో తడిస్తే నల్లబడిపోతాయి. హుకుం వచ్చాక ఎవరు అడిగినా "రేడియో ఇనుండ్రి" అని తల దించుకునేవారు. "సాబుకు మిజాజ్ పెరిగింది" అన్నాడొక రైతు నా ఎదుటే. పెరగలేదు, నేను ఆయన నోటికి తాళం వేయించాను అని చెప్పాలి నేను. చెప్పలేదు. నాకు కోపం వచ్చినంత తేలిగ్గా ధైర్యం రాదని ఆ రోజు తెలిసింది.

ఆ ఫాల్గుణంలో మా కళ్లంలో పసుపు పరిచి ఉంది. బంగారం ఆరబోసినట్టు ఎండ. పొద్దున బుగ్గ లేచిన గంటకు సాబ్ నడుచుకుంటూ మా కళ్లానికి వచ్చారు. అంతకుముందెప్పుడూ రాలేదు. చెప్పులు అంచున విడిచారు.

"పసుపు మంచిగ ఎండుతున్నదా?" అని బాపును అడిగారు.

"ఎండకు ఢోకా లేదు సాబ్. ఇంకో నాలుగు దినాలు."

సాబ్ పైజామా పైకి మడిచి, కింద కూర్చుని, రెండు చేతులతో కొమ్ములను కుప్ప చేయడం మొదలుపెట్టారు.

"అరె సాబ్! గిది మీరు చేసే పనా? లేవుండ్రి! ఏమైంది?" అని బాపు లబలబలాడాడు.

"నోటికి తాళమేసిండ్రు. చేతులకు వెయ్యలే" అన్నారు సాబ్, తల ఎత్తకుండా.

బాపుకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. గుట్ట మీదుగా ఆకాశం వైపు చూశాను, మబ్బు తునక లేదు. కాని ఆ పొద్దుటి బుగ్గ నెత్తిమీద ఉండాల్సిన వేళకు తూర్పు చెట్ల మీదికి వాలిపోయి ఉంటుంది. పైన గాలి అంత జోరు మీద ఉంది. ఆయన దుర్బీన్‌లో చూసింది అదే. నేనూ కూర్చున్నాను. బాపు కూర్చున్నాడు. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. చూసినవాళ్లు తమ కళ్లాల వైపు ఉరికారు. మధ్యాహ్నానికి మా వాడకట్టులో పసుపంతా కొట్టాల్లోకి చేరింది. సాబ్ అరచేతులు పచ్చగా మారాయి.

కుప్పకు ఇవతల నేను, అవతల ఆయన. మూరెడు దూరం. సాబ్, నా వల్లే కదా అని అప్పుడు అనాలి. అనలేదు. ఆయనే "మాట దొరికిందా?" అని అడిగారు. "ఇంక లేదు సాబ్" అన్నాను.

మర్నాడు సాయంత్రం రాళ్లవాన పడింది. మామిడి పిందె అంతా నేలపాలైంది. ఎండబెట్టిన పసుపు మాత్రం మా వాడకట్టులో ఎవరిదీ తడవలేదు.

తర్వాత నేను మందమర్రి బాయిలో పనికి కుదిరాను. సాబ్ రిటైరయ్యారు. కరీంనగర్‌లో సొంత ఇల్లు ఉండి కూడా మా ఊరు విడిచి పోలేదు. ఆఫీసు పక్కనే ఉన్న ఆ కిరాయి ఇంటి వాకిట్లో కుర్చీ వేసుకుని, కొత్త సాబ్ వదిలే బుగ్గను ఉత్త కళ్లతో చూస్తూ కూర్చునేవారు. నేను గాలి కాలువ అని రాసి చూశాను, గాలి వరద అని రాసి చూశాను. ఏదీ నప్పలేదు. కాలువ మనిషి తవ్వాలి. వరద వచ్చి పోతుంది.

మాట భాద్రపదంలో దొరికింది. సెలవు మీద ఇంటికి పోతూ గోదావరి దాటుతున్నాను. నది నిండుగా, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఒకే తీరుగా ఉంది. పడవ నడిపే ముసలాయన నేరుగా పోకుండా ఎగువకు మళ్లించి ఈడుస్తున్నాడు. నాకు ఓపిక తక్కువ కదా, "సీదా పోరాదే తాతా!" అని కసిరాను.

"పోత. నడుమ పాయ ఉన్నది, అండ్ల పడ్డమంటే మంథనిల తేల్తం. నువ్వు దిగి నడుస్తవా?"

"పాయ ఏంది? అన్ని నీళ్లే కదా?"

"నీళ్లల్ల నీళ్లు బిడ్డా. అన్ని నీళ్లు నడుస్తయి. పాయ ఉరుకుతది. మీదికెల్లి చూస్తే తెల్వది, ఏదన్న ఏస్తేనే తెలుస్తది."

పడవలో పడి ఉన్న ఆకు ఒకటి తీసి విసిరాడు. అది కాసేపు మెల్లగా తేలింది. ఉన్నట్టుండి ఎవరో గుంజుకుపోయినట్టు తూర్పుకు దూసుకుపోయింది. పడవలో నేను లేచి నిలబడ్డాను. "కూసో, కూసో! అందర్ని ముంచుతవా?" అని ముసలాయన తెడ్డు ఎత్తాడు.

గాలిపాయ. గాలిలో ఉరికే గాలి.

ఆ సాయంత్రమే సాబ్ వాకిట్లో నిలబడ్డాను. ఆయన కుర్చీలోంచి లేవబోయి, దగ్గు వచ్చి కూలబడ్డారు. "ఏం చెవిటి లీడర్, మాట దొరికిందా?" అన్నారు.

నాలుక చివర ఉంది. కాని ఉత్త మాట ఎలా ఇవ్వడం? అచ్చులో ఇవ్వాలి, పెద్ద అక్షరాల్లో, ఆయన ఎర్ర పెన్సిల్‌తో దిద్దడానికి ఒక్క ఒత్తు కూడా మిగలకుండా. "దొరుకుతది సాబ్" అని నవ్వి వచ్చేశాను. ఆ మాట చెప్పడానికి ఎంతసేపు పట్టేది? మిద్దె మీద మోగే ఒక గంటకూ ఇంకో గంటకూ మధ్య ఉండే ఒక్క నిమిషం కూడా పట్టేది కాదు. బొగ్గుబాయిలో దిగుతున్నప్పుడు ఇప్పటికీ ఆ ప్రశ్న నన్ను వదలదు.

మొన్న ఆయన నలభయ్యో రోజుకు పోయాను. వచ్చినవాళ్లు తిని వెళ్లిపోయారు. వాకిట్లో కుర్చీ అక్కడే ఉంది. చాచి నన్ను చూసి "చెవిటి లీడర్ వచ్చిండా? కూసో బేటా" అంది, అరవకుండా. మా ఊళ్లో నాతో మెల్లగా మాట్లాడేవాళ్లలో ఇప్పుడు ఆమె ఒక్కతే మిగిలింది. జేబులోంచి కాగితం తీసి చదివి వినిపించాను.

"ఒప్పు. జెట్టంటే విమానం కాదు. భూమికి ఆరేడు మైళ్ల మీద పడమటి నుంచి తూర్పుకు ఉరికే గాలిపాయ అది. దాని జాడ చెప్పేది బుగ్గ. బుగ్గల సాబ్ సరిగ్గానే చెప్పారు. తప్పు విన్నది నేను."

చాచి "గాలిపాయ" అని ఒకసారి తనలో తాను అనుకుంది. తర్వాత "ఎర్ర పెన్సిల్ ఆడనే ఉన్నది, తాక్‌ల" అని గూటి వైపు చూపింది. నేను తీయలేదు.

అప్పుడే పక్క మిద్దె మీది నుంచి సాయంత్రం బుగ్గ లేచింది. ఎండ కాస్తోంది. తెల్ల బుగ్గ. గంట మోగినప్పుడల్లా నాకు తెలియకుండానే లెక్కపెడుతున్నాను. పదిహేనో గంట దాకా మెల్లగా పైకి పోయింది. ఆ తర్వాత తూర్పుకు జరిగింది. జరగడం కాదు, గుంజుకుపోయింది. నెత్తిమీద ఉండాల్సిన చుక్క చూస్తుండగానే తాటిచెట్ల మీదికి వాలింది.

"పాయల పడ్డది" అన్నాను పైకే.

ఒక్క బుగ్గతో వాన చెప్పలేమని నాకు తెలుసు. నేను ఏ ఆఫీసువాణ్ణీ కాను. చాచి వాళ్ల మిద్దె మీద పాత దుప్పటి పరిచి, దాని నిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. చెప్పులు విడిచి మెట్లెక్కాను. కింద కూర్చుని రెండు చేతులతో కాయలను మధ్యకు తోయడం మొదలుపెట్టాను.

"వానొస్తదా బేటా?" అని కింది నుంచి అడిగింది.

నేను దుప్పటి ఒక కొస ఎత్తాను. కాసేపటికి ఆమే మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చి దుప్పటి రెండో కొస పట్టుకుంది. మా ఇద్దరి నడుమ ఎర్రగా మిరపకాయల కుప్ప. దాని ఆవల తాటిచెట్ల పైన ఆవగింజంత తెల్లచుక్క, ఎవరూ పిలవకుండానే తూర్పుకు ఉరుకుతూ.